చాక్లెట్ల దుకాణం: ఫంక్షన్‌లో మిఠాయి టేబుల్ పెట్టే పద్ధతి

మా అక్క బిడ్డ మొదటి పుట్టినరోజు మే నెలలో వచ్చింది. హంటర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు. "కేకు పక్కన క్యాండీ బఫే పెడదామే, అది నువ్వు చూసుకో" అని అక్క నాకు అప్పజెప్పింది. అంటే ఎవరికి కావలసిన మిఠాయి వాళ్లే తీసుకునేలా సీసాల్లో పోసి పెట్టే టేబుల్. ఫోన్‌లో ఫొటోలు చూసి గాజు సీసాలు కొన్నాను. వాటి నిండా రంగురంగుల చాక్లెట్లు పోసి పదకొండింటికల్లా టేబుల్ సిద్ధం చేశాను. ఏసీ మాత్రం చుట్టాలు వచ్చాకే వేస్తామన్నారు హాలు వాళ్లు. చుట్టాలేమో ఒంటిగంటకు వచ్చారు. అప్పటికి సీసాల్లో చాక్లెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక పిల్లాడు చెంచా పెట్టి లాగితే చెంచాతో పాటు సీసా కూడా లేచింది. మా అమ్మ వచ్చి చూసి, "చాక్లెట్ల దుకాణం పెట్టినవా, హల్వా దుకాణం పెట్టినవా బిడ్డా?" అన్నది.

అది జరిగి ఆరేళ్లయింది. ఆ తర్వాత తొట్టెల ఫంక్షన్లు, చీరకట్టు, ధోతి ఫంక్షన్లు, మా పెద్దసారు రిటైర్మెంటు, అన్నీ కలిపి పదిసార్లకు పైగానే ఈ టేబుల్ పెట్టాను. నేను హనుమకొండలో లెక్కల టీచర్‌ని. డెకరేషన్ నాకు పెద్దగా రాదు. కానీ ఈ పనిలో డెకరేషన్ కంటే లెక్కే ఎక్కువ కాబట్టి నెట్టుకొస్తున్నాను.

ఎవరైనా సలహా అడిగితే ముందు థీమ్ సంగతి, రంగుల సంగతి ఎత్తుతారు. నేను మాత్రం ముందు ఏ నెల అని అడుగుతాను. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. 30 దాటగానే మెత్తబడడం మొదలవుతుంది. మన వరంగల్‌లో మే మధ్యాహ్నం 42, 43 మామూలే. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా అసలు చాక్లెట్ జోలికి పోవద్దు. ఫ్రిజ్‌లో పెట్టి తెస్తే సరిపోతుంది కదా అంటారు. చల్లటి చాక్లెట్‌ను వేడిగాలిలో తెరవగానే చెమట పడుతుంది. ఆ తడికి పైన చక్కెర కరిగి, ఆరాక తెల్లగా బూడిద పూసినట్టు అవుతుంది. తప్పదనుకుంటే డబ్బా మూత తీయకుండా గంటసేపు బయట పెట్టి, ఆ తర్వాతే తెరవాలి. ఇక వెజిటబుల్ ఫ్యాట్ వేసిన రకాలు ఎండకు కొంచెం ఎక్కువ ఓర్చుకుంటాయి కానీ నోట్లో మైనం నమిలినట్టుంటుంది.

ఎండాకాలానికి నా లిస్టు ఇది: మామిడి తాండ్ర, చింతపండు చాక్లెట్లు (ఇవి పేరుకే చాక్లెట్లు), నారింజ తొనల బిళ్లలు, పిప్పరమెంట్లు, పల్లీ పట్టీ, నువ్వుల లడ్డూలు. వీటిలో ఏదీ మధ్యాహ్నం రెండింటికి చేతికి అంటుకోదు. వానాకాలంలో కష్టం వేరు. బెల్లంతో చేసినదేదైనా గాలిలో తడిని పీల్చుకుంటుంది. పొద్దున కరకరలాడిన పట్టీ సాయంత్రానికి జీళ్లపాకంలా సాగుతుంది. అప్పుడు కాగితం చుట్టి అమ్మే రకాలే ఎక్కువ పెట్టి, పట్టీని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఉంచి, టేబుల్ తెరవడానికి పది నిమిషాల ముందు బయటికి తీస్తాను. సంక్రాంతి చుట్టుపక్కల ఫంక్షన్ అయితే ఏ టెన్షనూ లేదు. అప్పుడు నువ్వుల రుచే వేరు, చాక్లెట్లు కూడా పెట్టుకోవచ్చు.

ఇక ఎంత కొనాలి? ఇక్కడే అందరూ బోల్తా పడతారు. సీసాలు నిండుగా కనబడాలని కొంటూ పోతే 150 మందికి పాతిక కిలోలు అవుతుంది. అందులో సగం ఇంటికి తిరిగొస్తుంది. నా లెక్క మనుషుల నుంచి మొదలవుతుంది. పిల్లలకు తలకు 80 గ్రాములు, పెద్దలకు 40. ఎందుకంటే భోజనంలో ఎలాగూ డబుల్ కా మీఠానో, జిలేబీనో ఉంటుంది, కేకు సరేసరి. 150 మందిలో 45 మంది పిల్లలనుకోండి. వాళ్లకు 3.6 కిలోలు, మిగతా 105 మందికి 4.2 కిలోలు, కలిపితే 7.8. పిలవకుండా వచ్చే చుట్టాల కోసం ఇంకాస్త కలిపి 8.5 కిలోలు.

ఆ ఎనిమిదిన్నరను నేను ఇలా పంచుతాను. పల్లీ పట్టీ కిలోన్నర, నువ్వుల లడ్డూలు కిలోన్నర, కొబ్బరి బిళ్లలు కిలో. ఇవి ముక్కల లెక్క: మూడూ కలిపి సుమారు 150 ముక్కలు వస్తాయి, అంటే మనిషికి ఒకటి. మామిడి తాండ్ర కిలో, నారింజ బిళ్లలు కిలో, ఇలాచీ టాఫీల్లాంటివి కిలో. పిప్పరమెంట్లు, చింతపండు చాక్లెట్లు, ప్యాలాల ముద్దలు తలా అరకిలో. ప్యాలాలు అరకిలోకే పెద్ద గంప నిండుతుంది, టేబుల్ నిండుగా కనబడడానికి అవే దిక్కు. కాగితం చుట్టిన చిన్న టాఫీలు ఒక్కోటి నాలుగైదు గ్రాములుంటాయి కాబట్టి కిలోకు 200కు తక్కువ రావు.

మరి కిలో బిళ్లలతో మూడు కిలోల సీసా ఎట్లా నిండుతుంది? సీసా మధ్యలో ఒక స్టీలు గ్లాసు బోర్లించి, దానికి బిళ్లల రంగు కాగితం చుట్టి, చుట్టూ బిళ్లలు పోస్తే నిండుగానే కనిపిస్తుంది. మా అత్తమ్మకు ఇది చూపిస్తే "పాలల్ల నీళ్లు పోసినట్టే ఉన్నది" అన్నది. ఏం చేస్తాం!

సరుకు కోసం వరంగల్ బీట్ బజార్‌కు పోతాను. పల్లీలు, నువ్వులు, బెల్లం అక్కడ హోల్‌సేల్‌లో దొరుకుతాయి. బెల్లం మరీ పచ్చగా మెరిసేది కాకుండా కొంచెం నల్లగా, గట్టిగా ఉన్నది తీసుకోండి. ప్యాకెట్ సరుకైతే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, తేదీ చూడాలి. స్వీట్ షాపులో విడిగా అమ్మే మిఠాయికి కూడా ఎన్ని రోజుల్లోపు తినాలో అక్కడే రాసి పెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన ఉంది. ట్రేలో చీటీ లేకపోతే అడగండి, మొహమాటం వద్దు.

ఇంకొకటి, మెత్తగా సాగే జెల్లీ బొమ్మలు, మార్ష్‌మాలోలు కొనేముందు ప్యాకెట్ మీద గుర్తు చూడండి. చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఆకుపచ్చ చుక్క ఉంటే సరే. గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారమని లెక్క. శ్రావణమాసంలో జరిగిన ఒక తొట్టెల ఫంక్షన్‌లో నేనిది చూసుకోలేదు. నెలంతా నీచు ముట్టని మా చిన్నమ్మ ఎర్ర జెల్లీ ఎలుగుబంటిని రెండోది నములుతుండగా మా తమ్ముడు ప్యాకెట్ తిప్పి చదివాడు. గట్టిగా చదివాడు, అదీ బాధ. ఆ రోజు నుంచి ప్యాకెట్లన్నీ నేనే తిప్పి చూస్తాను.

పీచుమిఠాయి మిషన్ అద్దెకు తెచ్చుకుంటామంటే మంచిదే, పిల్లలు ఎగబడతారు. కానీ రంగు వేయకుండా తెల్లగానే తిప్పమని చెప్పండి. బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు కలుపుతున్నారని తేలాకే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్నే నిషేధించాయి. తెల్లదానికి పిల్లలు ముందు మొహం ముడుచుకుంటారు, తర్వాత తింటారు.

కొనేవన్నీ కొన్నా, ఒక్కటైనా ఇంట్లో చేసింది ఉండాలని నా పట్టుదల. అది పల్లీ పట్టీ. ఒక వాయికి అరకిలో పల్లీలు, 400 గ్రాముల బెల్లం. పల్లీలను సన్న మంట మీద చిటపటమనేదాకా వేయించి, చల్లారాక బట్టలో వేసి నలిపి, చాటలో చెరిగి పొట్టు తీయాలి. రెండు బద్దలుగా విడిపోతే ఇంకా మంచిది, పట్టీ పల్చగా వస్తుంది. బెల్లంలో రెండు మూడు చెంచాల నీళ్లు పోసి కరగబెట్టి వడకట్టాలి. ఇసుక లేని బెల్లం నేనింతవరకు చూడలేదు. వడకట్టింది మళ్లీ మందపాటి గిన్నెలో పొయ్యి మీద పెట్టాలి.

అసలు పని పాకం దగ్గర. పక్కన గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. మొదట ఒక చుక్క వేస్తే నీళ్లలో కరిగిపోతుంది. కాసేపటికి వేళ్లతో ఉండ చేయగలిగినంత మెత్తగా నిలబడుతుంది, అది అరిసెల పాకం. ఇక్కడ చాలామంది తొందరపడి దించేస్తారు. ఆ పట్టీ పళ్లకు అతుక్కుంటుంది, ఫంక్షన్ హాల్లో సాయంత్రానికి ఒరిగిపోతుంది. ఇంకా ఉడకనివ్వాలి. పెద్ద పెద్ద నురుగు బుడగలు పోయి, చిన్నవిగా, దగ్గరగా, బరువుగా లేస్తాయి. రంగు ముదురుతుంది. అప్పుడు నీళ్లలో వేసిన చుక్కను తీసి స్టీలు పళ్లెం మీద వేస్తే టంగున మోగాలి. కొరికితే పటుక్కున విరగాలి. మా అత్తమ్మ అయితే పక్క గదిలో కూర్చుని టీవీ చూస్తూనే, పళ్లెం చప్పుడు విని "ఇంక గాలే" అంటుంది. మూడోసారి మోగాక "ఆఁ, దించు" అంటుంది. ఇంతవరకు ఆమె చెవి తప్పింది లేదు.

దించగానే చిటికెడు వంటసోడా వేస్తే పాకం నురగెత్తుతుంది. పట్టీ గుల్లగా రావడానికి అది. వెంటనే పల్లీలు పోసి గబగబా కలిపి, నెయ్యి రాసిన పీట మీదకు ఒంపి, నెయ్యి రాసిన చపాతీ కర్రతో ఒత్తాలి. చేతిలో నిమిషం కంటే ఎక్కువ ఉండదు, ఫోన్ మోగినా ఎత్తొద్దు. వేడి మీదే కత్తితో గీతలు పెట్టి, పూర్తిగా చల్లారాక గీతల వెంబడి విరవాలి. రెండు వాయిలు చేస్తే మన కిలోన్నర వచ్చేస్తుంది, ఇంట్లో పిల్లలకు అంచు ముక్కలు మిగులుతాయి. మూడు నాలుగు రోజుల ముందే చేసి, వరుసకు వరుసకు మధ్య బటర్ పేపర్ పరిచి స్టీలు డబ్బాలో పెట్టుకోవచ్చు.

ఇక టేబుల్ సర్దడం. టెంట్ హౌస్‌లో దొరికే ఆరడుగుల టేబుల్ ఒకటి చాలు. అన్నీ ఒకే ఎత్తులో పెడితే కిరాణా కొట్టు కౌంటర్ లాగా ఉంటుంది. వెనకవైపు అట్టపెట్టెలు, బోర్లించిన గిన్నెలు పెట్టి, పైన బట్ట కప్పి మెట్లలాగా చేస్తాను. వెనకాల గోడకు కొత్తవాడ జంపఖానా వేలాడదీస్తాను. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ చారల ముందు ఏ ఫ్లెక్సీ పనికొస్తుంది చెప్పండి? కానీ దాన్ని టేబుల్ మీద మాత్రం పరచొద్దు. పాకం అంటుకుంటే ఉతకడం మీ వల్ల కాదు.

ఇత్తడి గిన్నెలు, పెంబర్తి ఇత్తడి పళ్లేలు ఉంటే బాగా మెరుస్తాయి. కానీ కళాయి లేని ఇత్తడిలో పులుపు పెట్టకూడదు కాబట్టి చింతపండు, మామిడి తాండ్ర గాజులోనో స్టీలులోనో ఉంచండి. కాగితం చుట్టిన బిళ్లలే ఇత్తడిలోకి. మార్చిలో కాముని పున్నమి దగ్గర ఫంక్షన్ అయితే పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు దొరుకుతాయి. వాటిని టేబుల్ ముందు తోరణంలా కట్టాను ఒకసారి. ఫొటోలన్నీ వాటి ముందే దిగారు.

బతుకమ్మ పండుగ రోజుల్లో వచ్చిన ఒక చీరకట్టుకు మా మరదలు, తాంబాలంలో మిఠాయిని వరుసలు వరుసలుగా పేర్చి బతుకమ్మ లెక్క చేద్దామన్నది. నాకూ నచ్చింది. మా అమ్మ ఒప్పుకోలేదు. "బతుకమ్మను తింటరే ఎవలన్న?" అన్నది. నిజమే కదా. ఆకారం మానేసి రంగులు మాత్రం తీసుకున్నాం. తంగేడు పసుపుకు నిమ్మ బిళ్లలు, గునుగు తెలుపుకు కొబ్బరి బిళ్లలు, బంతి రంగుకు నారింజ తొనలు.

వడ్డించుకోవడానికి మోదుగాకు దొప్పలు పెడతాను. పల్లీల పొట్లంలా పేపరు చుట్టి ఇస్తే ముచ్చటగా ఉంటుంది, కానీ న్యూస్ పేపరు వద్దు, సిరా తినే వస్తువుకు అంటుతుంది. తెల్ల కాగితంతో చుట్టండి. ప్రతి సీసాకు దాని చెంచానో పట్టకారో దారంతో కట్టేయండి, లేకపోతే చింతపండు చెంచా కొబ్బరిలోకి, కొబ్బరి చెంచా ఎవరి జేబులోకో పోతుంది. చెంచా చిన్నదే పెట్టాలి. పెద్ద గరిటె పెడితే ఒక్కసారి ముంచితే వంద గ్రాములు లేస్తుంది, మన లెక్కంతా గల్లంతు. పేర్లు తెలుగులో పెద్దక్షరాలతో రాసి పెట్టండి, పల్లీలు, నువ్వులు ఉన్నవాటి మీద ఆ మాట తప్పకుండా ఉండాలి. పడనివాళ్లు ఉంటారు. షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం ఒక గిన్నెలో ఉప్పు పల్లీలు, పుట్నాలు. పాపం, వాళ్లూ టేబుల్ దగ్గరికి వస్తారు, ఉత్తచేతులతో పోవద్దు.

నాలుగేళ్లలోపు పిల్లలుంటే గుండ్రటి గట్టి బిళ్లలు, పల్లీలు, ఒక్క గుక్కలో మింగే జెల్లీ కప్పులు వాళ్ల చేతికి అందకూడదు. గొంతుకు అడ్డం పడతాయి. జెల్లీ కప్పులు నేను అసలు కొననే కొనను. గుండ్రటివి ఎప్పుడూ పై మెట్టు మీదే. ముందు వరుసలో ప్యాలాల ముద్దలు, తాండ్ర ముక్కలు ఉంటాయి.

చీమల సంగతి అందరికీ తెలుసు, టేబుల్ కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతారు. కానీ టేబుల్ మీద బట్ట నేల దాకా వేలాడుతుంటే ఆ గిన్నెలు దండగ, చీమలు బట్ట పట్టుకుని ఎక్కుతాయి. జానెడు ఎత్తున మడిచి పిన్నులు పెట్టండి. ఈగలకు మాత్రం జాలీ మూతలు, టేబుల్ వైపు తిప్పిన ఒక ఫ్యాన్.

టేబుల్ ఎప్పుడు తెరవాలి? రెండోసారి పెట్టినప్పుడు కేకు కోయగానే తెరిచాను. పన్నెండు నిమిషాల్లో ఖాళీ. పిల్లలు జేబులు నింపుకుని భోజనం మానేశారు, పెద్దవాళ్లు వచ్చేసరికి సీసాల అడుగున కాగితాలు. అప్పుడే అమ్మ ఎగతాళిగా అన్న మాట గుర్తొచ్చింది. దుకాణం అన్నది కదా, నిజంగానే దుకాణం చేస్తే?

అప్పటినుంచి ఇదే పద్ధతి. మందపాటి కాగితంతో రూపాయి బిళ్లలు కత్తిరిస్తాను. భోజనం చేసి చేయి కడుక్కుని వచ్చిన ప్రతి పిల్లకు, పిల్లాడికి ఐదు రూపాయలు. పట్టీ, లడ్డూ, కొబ్బరి బిళ్ల ఏదైనా రెండు రూపాయలు. తాండ్ర ముక్క రూపాయి. టాఫీలు రూపాయికి రెండు. అమ్మేది పదీ పన్నెండేళ్ల పిల్లలే, ఇద్దరిని కూర్చోబెడతాను. చేతులు కడిగించి, మెడలో కండువా వేసి "సేటు మీరే" అంటే చాలు, పెద్దవాళ్లకంటే గట్టిగా చూసుకుంటారు. మా అక్క కొడుకైతే వాళ్ల నాన్నకే చిల్లర లేదని వెనక్కి పంపాడు. పెద్దవాళ్లకు పైసల లెక్క లేదు, ఎప్పుడొచ్చినా ఒక దొప్ప. అందరిదీ అయ్యాక, పిల్లలకు రెండోసారి మూడేసి రూపాయలు పంచుతాను. తలకు 80 గ్రాములని ముందు వేసిన లెక్కలో ఈ రెండో విడత కూడా ఉంది. ఏ సరుకు ముందు అయిపోతుందో కూడా ఈ పద్ధతిలోనే తెలిసింది. నేననుకున్నట్టు టాఫీలు కాదు, ప్రతిసారీ మామిడి తాండ్రే.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మొన్న ఫిబ్రవరిలో 150 మందికి దొప్పలు, దారాలు, పూలతో సహా ఐదువేలు దాటలేదు. సీసాలు మాత్రం పాతవే. ఊరగాయ జాడీలు కూడా వాడాను, కానీ వాటిని వారం ముందే సోడాపొడితో కడిగి ఎండలో పెట్టాలి. లేకపోతే నారింజ బిళ్లకు ఆవకాయ వాసన వస్తుంది. ఒకసారి వచ్చింది.

చివర్లో అరకిలోనో కిలోనో మిగులుతుంది. క్యాటరింగ్ పిల్లలకు, హాలు ఊడ్చేవాళ్లకు, వాచ్‌మన్ ఇంటికి పొట్లాలు కట్టి ఇచ్చేయండి. సీసాలు రాత్రికి రాత్రే వేడినీళ్లతో కడగాలి. పొద్దున కడుగుదామని కారు డిక్కీలో వదిలేస్తే, తెల్లారేసరికి ఆ డిక్కీ చీమలదవుతుంది, నెల రోజులైనా ఖాళీ చేయవు.